మెల్లగా అంటే ఎంత?

నేను తోసిన బండి మా బావ కాలు విరగ్గొట్టింది. అందులో ఎవరికీ తగువు లేదు, నాకూ లేదు. ఎంత గట్టిగా తోశాననేదే తగువు. ఆ ఎండాకాలం మిల్లు మిల్లంతా దాని మీదే కొట్టుకు చచ్చింది.

యాజమాన్యం కాగితంలో "కక్షతో, మిక్కిలి బలంగా" అని ఉంది. సంఘం కాగితంలో "ఎప్పటిలాగే తోయగా, చక్రాల లోపం వల్ల" అని ఉంది. రెండూ నా గురించే. రెండూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఏ కాగితంలో ఉన్నది నేనో నాకే తేలలేదు.

మాది నూలు మిల్లు. దారం చుట్టే హాలు నుంచి ప్యాకింగు హాలుకి ఒక పొడుగాటి నడవ. నూలు చుట్టిన కోన్లు నింపిన ఇనుప బండ్లని ఆ నడవలో ఆడవాళ్ళమే తోసుకుపోవాలి. దుమ్ము పడకుండా నిండు బండి మీద ముతక గుడ్డ కప్పుతాం. నడవ చివర తలుపు దగ్గర నేలలో ఒక ఇనుప గడప ఉంది, వేలెడు ఎత్తు. నిండు బండి దాన్ని ఊరికే దాటదు. అందుకని అక్కడ చేతులు మారతాయి. బండి తెచ్చినామె గడప ముందు వదిలేసి వెనక్కి పోతుంది. గడప దగ్గర నిలబడినామె భుజం ఆనించి ఒక్క తోపు తోస్తుంది. బండి ఎగిరి అవతల పడి, నాలుగడుగులు దొర్లి, ప్యాకింగు బల్లల ముందు ఆగుతుంది. గడప తోపు అంటాం దాన్ని. ఆరేళ్ళుగా ఆ తోపు నాది.

షిఫ్టుకి ముప్పై బండ్లు దాటించేవాళ్ళం. ఎండలు ముదిరేవేళకి నలభై దాటించమన్నారు. మనుషులు అంతే, మిషన్లు అంతే, బండ్లు మాత్రం నలభై. పైన అద్దాల గదిలో ఒక గుమాస్తా కూర్చుని, గుడ్డ కప్పిన బండి గడప దాటిన ప్రతిసారీ ఒక గీత గీస్తాడు. గుడ్డ కింద ఏముందో ఆయనకి అక్కర్లేదు.

"ఆయన లెక్కపెట్టేది గుడ్డల్నే కదా," అన్నాను నేను సంఘం మీటింగులో. "గుడ్డలే పంపుదాం."

అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాటి నుంచి నాలుగు బండ్లకి ఒకటి ఖాళీగా పోయింది, పైన గుడ్డ కప్పుకుని, పెద్ద ముత్తయిదువులాగా. ఖాళీ దానికి గుర్తు గుడ్డ మూలన ఒక ముడి, తోసే మనిషి వైపు. ముడి కనిపిస్తే రెండు వేళ్ళతో తోయాలి. ముడి లేకపోతే భుజంతో తోయాలి. ఆ ముడి ఆలోచన కూడా నాదే. ప్యాకింగు మగవాళ్ళు మాతోనే ఉన్నారు. గుమాస్తా గీతలు నలభై అయ్యేవి. వారం చివర గోదాములో తూకం వేస్తే నూలు మాత్రం మునుపటంతే. ఎటు పోతోందో తెలియక ఇంజనీర్లు మిషన్లు విప్పి చూశారు. గేటు దగ్గర మా సంచులు దులిపి చూశారు. మూడు వారాలు మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

నాలుగో వారం కాగితాలు పంచారు. "నేను ఏ అవకతవకా చేయలేదు, చూడలేదు, పూర్తి పని చేస్తాను" అని ప్రతి ఒక్కరూ శనివారానికల్లా సంతకం పెట్టాలి. పెట్టకూడదని సంఘం చెప్పింది. 

"నేను పెట్టేస్తున్నా," అన్నాడు బావ శనివారం పొద్దున్న, బూట్లు తొడుక్కుంటూ. బావది ప్యాకింగు హాలు. నేను అక్కా బావల దగ్గరే ఉంటాను. ఒకటే గది, మధ్యలో ఒక తెర.

"పెట్టు. పెట్టి ఆ అద్దాల గదిలో నీక్కూడా ఓ కుర్చీ వేయించుకో."

"నీకేం మరదలా, ఒంటి ప్రాణానివి. మీ అక్క పాఠాలు చెప్పే పిల్లల బడి కూడా మిల్లువాళ్ళదే. రేపు దానికి తాళం వేస్తే?"

"వెయ్యనీ. బద్దలు కొడతాం."

"నీకు బద్దలు కొట్టడం తప్ప ఇంకేం వచ్చు?"

నాకు తిక్క రేగింది. నాకు తిక్క రేగితే ముందు నోరు లేస్తుంది, తర్వాత నేను లేస్తాను. "సంతకానికి నడిచెళ్ళే ఆ కాలు విరిగిపోను!" అన్నాను.

"నోరు కడుక్కోవే," అంది అక్క పొయ్యి దగ్గర్నుంచి.

రెండు గంటల తర్వాత ఆ కాలే విరిగింది.

గడప ముందు బండి ఆగి ఉంది, గుడ్డ కప్పి ఉంది. తెచ్చిన పొడుగమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. అవతల హాల్లో బావ ఒక పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తాడు బిగిస్తున్నాడు. ఆయన పై జేబులో కాగితం తెల్లగా కనిపిస్తోంది. భుజం ఆనించాను. తోశాను. బండి గడప దాటడం కాదు, దూకింది. నాలుగడుగులు కాదు, పన్నెండడుగులు పోయింది. బావ కాలు బల్ల కోడుకీ బండికీ మధ్య ఇరుక్కుంది. ఎముక విరిగితే చప్పుడొస్తుందంటారు. నాకేం వినపడలేదు. బావ నోరు తెరుచుకోవడం మాత్రం చూశాను.

ఆ తర్వాత బండిని ఎవరు తీశారో, ఎటు తోసుకుపోయారో నేను చూడలేదు. బావ తల నా ఒళ్ళో ఉంది.

సాయంత్రం పొడుగమ్మని పట్టుకున్నాను. "ఖాళీ బండా అది?"

"నిండుదే," అంది. 

"ముడి?"

"ముడెందుకుంటుందమ్మా, నిండుదైతే? ఒట్టు." పొడుగమ్మకి నాకన్నా జానెడు ఎత్తు ఎక్కువ. ఎప్పుడూ నా నెత్తి మీంచి మాట్లాడినట్టే ఉంటుంది. ఆరోజూ నెత్తి మీంచే మాట్లాడింది.

పక్కనే సంఘం కార్యదర్శి. అందరం పెద్దాయన అంటాం. "నిండుదే," అన్నాడు ఆయన కూడా. "చక్రాలు బాగాలేవు. విచారణలో అదే చెప్పు."

చక్రాలు బాగాలేకపోతే బండి ముందుకు పోదు, పక్కకి లాగుతుంది. ఆరేళ్ళు తోసినదానికి ఆ మాత్రం తెలీదా? నిండు బండి గడప మీంచి దూకి పన్నెండడుగులు పోవాలంటే ముగ్గురు మగవాళ్ళు తోయాలి. ఒక్కదాన్నే తోశాను. ఎప్పటిలాగే తోశానని నా భుజం చెబుతోంది. కాదని బావ కాలు చెబుతోంది. భుజాన్ని నమ్మాలో కాలుని నమ్మాలో తెలియలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క నా పక్కన కూర్చుంది.  "నిజం చెప్పవే. పొద్దున్న అన్న మాట మనసులో ఉందా, తోసేటప్పుడు?" అంది.

పోయిన సమ్మెలో గేటు ముందు మైకు పట్టుకుని మేనేజరుకి జవాబు చెప్పినదాన్ని. పోలీసుకి జవాబు చెప్పినదాన్ని. 

"ఏమో," అన్నాను.

అక్క తలూపి లేచిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు. అడిగితే బావుండు అనిపించేది.

* * *

విచారణ అయ్యేదాకా నన్ను పనిలోంచి ఆపారు. బావ పిండికట్టుతో ఇంటికొచ్చాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరితోనూ హాస్యాలాడేవాడు. "కాలు విరిగితే గానీ ఆ సంతకం తప్పలేదు చూశావా," అనేవాడు. నేను తెర ఇవతలికొస్తే మాత్రం గోడవైపు తిరిగేవాడు. నీళ్ళిస్తే తాగేవాడు. గ్లాసు నా చేతికివ్వకుండా కింద పెట్టేవాడు. నన్ను తిట్టినా పడేదాన్ని. తిట్టేవాళ్ళతో ఎలా వేగాలో నాకు తెలుసు. గోడవైపు తిరిగినవాళ్ళతో ఏం చేయాలో ఏ కరపత్రంలోనూ రాయలేదు.

కాలు విరిగిన నాలుగో వారం అక్క ఒక కాగితం నా ముందు పెట్టింది. "పొద్దుటిపూట ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బడిలో పిల్లల్ని నువ్వు చూడు."

"నేనా?"

"గేటు బయటే కదా బడి, ఎవరూ ఆపరు. ఈ వారం పాఠం తోయడం. మెల్లగా తోస్తే దగ్గర్లో ఆగుతుంది, గట్టిగా తోస్తే దూరం పోతుంది. చెక్కబండి అలమారులో ఉంది. ఉపన్యాసాలు మాత్రం ఇవ్వకు."

ప్రపంచంలో ఇన్ని పాఠాలుండగా ఆ వారం ఆ పాఠమే ఎందుకొచ్చిందో ఆ పుస్తకం వేసినవాణ్ణే అడగాలి. అక్క మొహం చూశాను. కావాలని ఇచ్చిందా, వరసలో వచ్చిందా? ఆ మొహంలో నిద్రలేమి తప్ప ఏం కనపడలేదు.

బడి అంటే మిల్లు గోడకి ఆనించిన రేకుల షెడ్డు. పద్నాలుగు మంది పిల్లలు, నాలుగేళ్ళవాళ్ళూ ఐదేళ్ళవాళ్ళూ. అందరూ మా మిల్లు పనివాళ్ళ పిల్లలే. చెక్కబండి మూరెడు ఉంటుంది, ఎర్ర రంగు సగం రాలిపోయింది.

"బండి దానంతటది కదులుతుందా?" అని అరిచాను. నాకు మెల్లగా మాట్లాడ్డం రాదు.

"కదలదు!" అని అరిచారు. 

"ఎవరు తోస్తే కదులుతుంది?"

"మనం తోస్తే!"

"గట్టిగా చెప్పండి!"

"మనం తోస్తే!!"

గేటు దగ్గర కాపలావాడు బయటికొచ్చి చూశాడు. సమ్మె మళ్ళీ మొదలైందనుకున్నాడు. ఉపన్యాసం వద్దన్న అక్క మాట గుర్తొచ్చి ఆపేశాను. "ఇప్పుడు నేను గట్టిగా తోస్తాను చూడండి," అని తోశాను. బండి వెళ్ళి పలకల దొంతరని గుద్దింది. పలకలు ధనధనమని పడ్డాయి. ఒక పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు, వాణ్ణి చూసి ఇంకో ముగ్గురు.  అంత గట్టిగా తోయాలనుకోలేదు.

"పిన్నీ, ఇప్పుడు మెల్లగా తొయ్యి," అంది ముందు వరసలో కూర్చున్న పిల్ల. మా పొడుగమ్మ కూతురు. ఎత్తు తల్లిది రాలేదు, నోరు ఎవరిదొచ్చిందో తెలీదు. ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేస్తుందని దాన్ని అందరూ లాయరమ్మ అంటారు.

తోశాను. అది కూడా గోడదాకా పోయింది.

"ఇది మెల్లగా కాదు," అంది లాయరమ్మ.

"మెల్లగానే తోశానే."

"మెల్లగా అంటే ఎంత?"

 ఎంత? విచారణ కాగితంలో "మిక్కిలి బలంగా" అని రాసినవాణ్ణి ఈ ముక్క ఎవరూ అడగలేదు. "ఎప్పటిలాగే" అని రాసిన మా పెద్దాయన్నీ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. 

మర్నాటికి పిల్లలే కొలత తయారుచేశారు. ఒక్క వేలితో తోస్తే పిల్లి తోపు. అరచేత్తో తోస్తే మేక తోపు. రెండు చేతులతో తోస్తే ఏనుగు తోపు. బండి ఆగినచోట సుద్దముక్కతో గీత. పిల్లి గీతలు దగ్గర్లో, మేక గీతలు మధ్యలో, ఏనుగు గీతలు గోడ దగ్గర. పాఠం అయిపోయింది, పుస్తకం చెప్పింది నిజమేనని తేలిపోయింది. కానీ లాయరమ్మకి తేలలేదు.

"పిన్నీ, నేను పిల్లి తోపే తోశా. వాడూ పిల్లి తోపే తోశాడు. నా గీత ఇక్కడుంది, వాడి గీత అక్కడెందుకుంది?"

"వాడి పిల్లి బలమైంది కాబోలు."

పిల్లలు నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు. నాక్కూడా లోపల నవ్వు రాలేదు. ఒకే పిల్ల ఒకే వేలితో మూడుసార్లు తోస్తే మూడు గీతలు మూడుచోట్ల పడుతున్నాయి. మరి "ఎప్పటిలాగే" అంటే ఏ గీత?

ఇంటికెళ్ళి బావకి నీళ్ళిచ్చాను. గ్లాసు కింద పెట్టి గోడవైపు తిరిగాడు.

* * *

బరువు సంగతి కూడా చెప్పమని పుస్తకంలో ఉంది. బండిలో రాళ్ళు వేశాం. నిండు బండి ఏనుగు తోపుకి కూడా సగం దూరమే పోయింది. పిల్లలకి అదొక ఆటైపోయింది. రాళ్ళు వేయడం, పైన నా పాత తువ్వాలు కప్పడం, "మిల్లు బండొచ్చింది తప్పుకోండీ!" అని అరుస్తూ తోయడం. గుడ్డ కప్పమని నేను చెప్పలేదు. అమ్మల్ని చూసి నేర్చుకున్నారు.

గురువారం అనుకుంటాను. ఇంకో నాలుగు రోజుల్లో విచారణ. పొద్దున్నే పెద్దాయన షెడ్డు దగ్గరికొచ్చి "చక్రాలు, చక్రాలు, మర్చిపోకు," అని చెప్పి వెళ్ళాడు. తల పట్టుకుని కూర్చున్నాను. ఒక లావుపాటి పిల్లవాడి వంతు వచ్చింది. గుడ్డ కప్పిన బండి గీత మీద ఉంది. వాడు కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో ఏనుగు తోపు తోశాడు.

బండి ఎగిరింది. గీతలన్నీ దాటి, గోడని గుద్ది, తిరగబడింది. పిల్లవాడు తోసిన ఊపుకి బోర్లాపడ్డాడు. 

అందులో ఒక్క రాయి కూడా లేదు.

లాయరమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మెలికలు తిరిగిపోతూ నవ్వుతోంది. రాళ్ళన్నీ గౌను ఒళ్ళో దాచుకుని ఉంది. 

"నేను నిండుదనుకున్నా!" అని ఏడుపుగొంతుతో అన్నాడు వాడు. "అంత గట్టిగా తొయ్యలేదు పిన్నీ! ఎప్పట్లాగే తోశా!"

నేను నేల మీద కూర్చుని, తిరగబడ్డ బండిని నిలబెట్టి లోపల చెయ్యి పెట్టి చూశాను. పిల్లలు ఇది కూడా ఆటలో భాగమనుకుని నా చుట్టూ కూర్చున్నారు. 

మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకి కుళాయి దగ్గర పొడుగమ్మని ఆపాను. చేతులు కడుక్కుంటోంది. 

"ఆ బండి ఖాళీది," అన్నాను. అడగలేదు.

ఆమె కుళాయి కట్టేయలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఈసారి వంగి, నా మొహంలోకి చూసి మాట్లాడింది. "నీకు చెప్పొద్దన్నాడమ్మా పెద్దాయన. నీ నోట్లో మాట నిలవదు, విచారణలో కక్కేస్తావు, ఖాళీ బండ్ల సంగతి బయటపడితే నలభైమంది ఆడవాళ్ళు రోడ్డున పడతాం అన్నాడు. నువ్వు బావగారి తల పట్టుకున్నప్పుడే మేం బండిలో కోన్లు పోసేశాం."

"ముడి వెయ్యలేదా?"

పొడుగమ్మ కుళాయి కట్టేసింది.

"వేశాను."

"అవతలివైపు పడిందా?"

"నీవైపే," అంది. "నీ చేతికి ఎదురుగా. నువ్వు చూశావనే అనుకున్నాను నేను."

చూశాననుకుంది. చూసి, ఖాళీదని తెలిసి, భుజంతో తోశాననుకుంది. అనుకుని కూడా నెల్లాళ్ళుగా నన్ను పలకరిస్తూనే ఉంది. నన్ను కాపాడుతోందో, నాకు భయపడుతోందో అర్థం కాలేదు. థూ అని ఎవరి మీద ఉమ్మాలో కూడా తెలియలేదు. నలభై మందిని కాపాడటానికి అబద్ధం చెప్పినవాళ్ళ మీదా? గుడ్డలు పంపుదాం అన్న నా మీదా?

* * *

ఇంటికి పోయేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. బావ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. తెర పక్కకి లాగేశాను.

"బావా, నిద్రపోవట్లేదని తెలుసు. విను. ఆ బండి ఖాళీది."

గోడవైపు నుంచే జవాబొచ్చింది. "తెలుసు."

అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. 

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చెప్పాలి? మీద పడ్డవాడికి తెలీదా నిండుదో ఖాళీదో? నిండుదైతే ఈ కాలు తీసేసేవాళ్ళు."

"మరి యాజమాన్యం వాళ్ళు వచ్చి అడిగితే..."

"బండొచ్చింది, తగిలింది అన్నాను. నలభైమంది ఉన్నారు దాని వెనక. సంతకం పెడతానన్నాను గానీ, చాడీలు చెబుతానన్నానా?"

సంతకానికి వెళ్ళే కాలు విరిగిపోవాలని నేను శపించిన మనిషి. విరిగిన కాలు పెట్టుకుని, నా రహస్యాన్ని నెల్లాళ్ళు మోశాడు. సంఘం మాత్రం నన్నే నమ్మలేదు. మా మీటింగుల్లో ఇటు మనవాళ్ళు, అటు వాళ్ళవాళ్ళు అని గీత గీసేది నేనే. ఆ గీత ఇప్పుడు ఎక్కడ గీయాలి?

"మరి నాతో ఎందుకు మాట్లాడవు?" అన్నాను. 

బావ ఇటు తిరిగాడు. పిండికట్టు కాలుని రెండు చేతులతో ఎత్తి తిప్పుకోవాల్సొచ్చింది. నా కళ్ళలోకి చూశాడు. 

"ముడి నాకు కనిపించింది మరదలా. అక్కణ్ణుంచి, కింద కూర్చున్నవాణ్ణి, చక్రాల సందులోంచి నాకే కనిపించింది వేలాడుతూ. నీ ముక్కు కింద ఉంది. అయినా భుజం పెట్టావు."

 అక్క ఆసుపత్రి వరండాలో అడిగిన ప్రశ్న అక్కడే, ఆ గదిలో, మా ముగ్గురి మధ్యా ఇంకా కూర్చునే ఉంది.

"ముడి చూడలేదు," అన్నాను. 

"ముక్కు కిందుంటే..."

"నీ జేబులో కాగితం చూస్తున్నాను. చేతుల దగ్గర ఏముందో చూడలేదు. కోపంతో తోయలేదు బావా. కోపంలో చూడలేదు."

అది నిజమేనా? అన్నాక కూడా నాకు పూర్తిగా తెలియలేదు. కానీ అంతకన్నా దగ్గరి మాట నా దగ్గర లేదు. అక్క చొక్కా మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, "టీ పెడతాను," అంది. ఆమె నమ్మిందో లేదో టీ చెప్పలేదు. బావ మాత్రం గ్లాసు తాగి కింద పెట్టకుండా నా చేతికిచ్చాడు.

* * *

విచారణ ఒక చిన్న గదిలో జరిగింది. విచారణ అధికారి, టైపు కొట్టే ఒకామె, తిరగని ఫ్యాను. 

"గట్టిగా తోశావా?"

"తోశాను."

"మామూలు కన్నా గట్టిగానా?"

"మామూలంటే ఎంత?" అన్నాను. టైపు ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశాడు, వేళాకోళం చేస్తున్నాననుకుని. కాదు. నిజంగానే అడిగాను.

"గాయపడిన వ్యక్తి మీద ఆ రోజు కోపం ఉందా?"

"ఉంది."

"చక్రాల లోపం అని మీ సంఘం అంటోంది."

"చక్రాలు బాగానే ఉన్నాయి."

కిటికీ బయట పెద్దాయన నెత్తి కొట్టుకోవడం కనిపించింది. "ఇంకేమైనా చెప్పుకుంటావా?" అన్నాడు అధికారి. చెప్పుకోడానికి నోటి నిండా ఉంది. గుడ్డలు, ముళ్ళు, ఖాళీ బండ్లు. ఒక్క మాటతో నా మీది కక్ష ముద్ర పోతుంది. ఆ ఒక్క మాటతోనే నలభైమంది పోతారు. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను. 

"లేదు," అన్నాను. 

పని పోయింది. మూడో వారానికల్లా, నూలు ఎటు పోతోందో తేల్చుకోలేక యాజమాన్యం నలభై నుంచి ముప్పై నాలుగుకి దిగింది. గెలిచామని వాళ్ళు బోర్డు మీద పెట్టారు, గెలిచామని మేము గేటు మీద రాశాం. పెద్దాయన ఇంటికొచ్చి "నువ్వు మాట దాచగలవని తెలీదమ్మా," అన్నాడు. అది పొగడ్తో క్షమాపణో ఆయనకీ తెలిసినట్టు లేదు.

మొదటి వాన పడ్డ రోజున బావ కర్రల సాయంతో బడిదాకా నడిచొచ్చాడు, అక్కని పిలుచుకుపోవడానికి. పిల్లలు వెళ్ళిపోయారు. అక్క లోపల తాళాలు వెతుక్కుంటోంది. నేను నేల మీద సుద్దగీతలు తుడుస్తున్నాను. చెక్కబండి గుడ్డ కప్పి ఒక మూలన ఉంది.

బావ గోడకి కర్రలు ఆనించి, మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు. సన్నబడిపోయిన ఆ కాలిని ముందుకు చాపి, మిగిలిన ఒక గీత మీద మడమ పెట్టాడు. మేక గీత అది.

"ఇక్కడిదాకా తొయ్యి," అన్నాడు.

"వద్దు బావా."

"తొయ్యవే. ఆరేళ్ళు తోశావుగా."

బండి ముందు కూర్చున్నాను. ఈసారి గుడ్డ మూల ఎత్తి చూశాను. లోపల రెండు రాళ్ళున్నాయి. ఒకటి తీసేద్దామా అనుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. అరచేయి ఆనించాను. తీసి, ఒక్క వేలు పెట్టాను. మళ్ళీ అరచేయి పెట్టాను. మేక తోపు అనుకుంటూ తోశాను.

బండి రెండు మూరలు పోయి ఆగిపోయింది. బావ కాలుకి సగం దూరం కూడా పోలేదు.

"మరీ ఇంత మెల్లగానా?" అన్నాడు బావ.

రాళ్ళ బరువో, తడినేలో, నా చెయ్యే భయపడిందో. ఇంకోసారి గుడ్డ ఎత్తి చూశాను.